నడి ఏట్లో ఆగిన కథ

పారేయడానికి పక్కన పెట్టిన వస్తువు ఎక్కడున్నా నా కన్ను ముందు దాని మీదికే పోతుంది. మా ఇంట్లో చీర చిరిగితే బొంత అవుతుంది. బొంత చిరిగితే పొయ్యి దగ్గర మసిగుడ్డ అవుతుంది. అదీ పీలికలైతే మల్లెచెట్టు మొదట్లో పడుతుంది. అందుకే మొన్న మనవరాలికి సద్ది ఇవ్వడానికి గ్రంథాలయానికి పోయినప్పుడు, కొత్త కంప్యూటర్లు నాకు తర్వాత కనబడ్డాయి. ముందు కనబడింది తలుపు మూలన తాడుతో కట్టి పెట్టిన పాత పుస్తకాల మోపు.

కింద ఎవరూ లేకుండా తిరుగుతున్న ఫ్యాను ఆపి, ఆ మోపు దగ్గరికి పోయాను.

మనవరాలు ఏదో ఉద్యోగ పరీక్షకు చదువుతోంది. ఇంట్లో ఫోనుకు సిగ్నల్ అందదని పగలంతా అక్కడే కూర్చుంటుంది. గ్రంథాలయాన్ని చూసుకునే పాపకు కూడా దాని వయసే ఉంటుంది. బల్ల మీద దీపం లాంటి యంత్రం ఒకటి పెట్టుకుని, పాత పుస్తకాలను అద్దం కింద పరిచి, ఒక్కో పేజీకి ఫోటో తీస్తోంది. అట్లా తీసినవన్నీ ఫోన్లోకి వస్తాయట. చదవలేని వాళ్ళకు ఆ ఫోనే చదివి వినిపిస్తుందట.

"ఇవేంది పాపా, మూలకు ఏసినావు?" అని అడిగాను.

"అవి పనికిరావవ్వా. కాగితాలన్నీ వంకర్లు పోయి లేచినాయి. అద్దం కింద పెడితే అక్షరం సరిగా పడలా. దానికి తోడు ఎర్ర మరకలు. తూకానికి ఏయమన్నారు."

పైన ఉన్న పుస్తకం తీసి తెరిచాను. కాగితం చిన్నగా గలగలమంది. ఎండిన బురదలా అంచులు లేచి ఉన్నాయి. మధ్యలో అక్కడక్కడా లేత ఎరుపు.

"మరక కాదు ఇది. శెనక్కాయ గింజ మీద ఉంటాది చూడు పొట్టు, దాని రంగు."

"నీకెట్ల తెలుసవ్వా?"

చెప్పడానికి కూర్చుంటే పొద్దు పోతుంది. మనవరాలి సద్ది చల్లారుతోంది. "ఈ పొద్దు మాత్రం తూకానికి ఏయద్దు. రేపొస్తా" అని చెప్పి ఇంటికొచ్చాను. దారి పొడుగునా నా ముక్కుకు పాత వాసన ఒకటి తగులుతూనే ఉంది. ఒలిచిన కాయల దుమ్ము, నశ్యం, తడిసిన కాగితం, అన్నీ కలిసిన వాసన.

నన్ను ఇచ్చింది సొంత మేనమామకే కాబట్టి నేను ఈ ఊరు దాటలేదు. బడికి పోయింది కూడా తక్కువే. మూడో తరగతి పుస్తకం చేతికి వచ్చిన ఏడాది వానలు ఎగ్గొట్టాయి. ఇంట్లో పనికి మనిషి కావాలని బడి మాన్పించారు. ఏడవలేదు. మా ఇంట్లో ఏడ్చే అలవాటు లేదు. భయం మాత్రం ఉండేది.

ఆ భయానికి మూలం మా అమ్మ. అమ్మ కూడా చిన్నప్పుడు కొంతకాలం బడికి పోయింది. ఒకసారి సంతకు పోయినప్పుడు అంగడి బోర్డు చూపించి, "చదువుమా" అన్నాను. అమ్మ దాని వైపు చాలాసేపు చూసింది. "మొగాలు ఎరికేలే. పేర్లు మరిచిపోయినా" అంది. ఎప్పుడో చూసిన మనుషుల గురించి చెప్పినట్లు చెప్పింది. చదవకుండా ఉంటే అక్షరాలు పోతాయన్నమాట. రేపు నాకూ మొగాలే మిగులుతాయి.

బడి పోయాక నాకు అక్షరాలు దొరికే చోటు ఒకటే, ఊరి గ్రంథాలయం. రాతిబండల కప్పు వేసిన ఒక గది, ముందు వసారా, లోపల చెక్క బీరువా, ఒక బెంచీ. పేపరు మరుసటి రోజు బస్సులో వచ్చేది. మేకపిల్లలను ఆ పక్కకు తోలుకుపోయి, వసారా అంచున నిలబడి, బెంచీ మీద పేపరును తలకిందులుగానైనా చదివేదాన్ని. దాన్ని చూసుకునే అయ్యవారు వేరే ఊరి మనిషి. సన్నగా ఉండేవారు. నశ్యం పీల్చేవారు. నన్ను చూసి ఒక్కోసారి పేపరు నా వైపు తిప్పి పెట్టేవారు.

ఆ కరువులో మగవాళ్ళు చాలామంది కూలికి బళ్ళారి పక్కకు పోయారు. పేపరు చదివే నలుగురూ లేకుండా పోయారు. బీరువా తాళం తీసే పనే లేదు. అప్పుడొక సాయంత్రం అయ్యవారు మా నాయనతో చెబుతుంటే విన్నాను. చదివేవాళ్ళు లేని ఊళ్ళో గ్రంథాలయం ఎందుకని పైనుంచి అడుగుతున్నారట. ఒక సారు చూడడానికి వస్తాడట. మనుషులు కనబడకపోతే బీరువాను, బెంచీని బండికెక్కించి రోడ్డు మీదున్న వేరే ఊరికి మారుస్తారట.

"పోతే పోనీలే అయ్యోరా. ఈడ తాగేదానికే నీళ్ళు లేవు" అన్నాడు నాయన.

నేను మేకపిల్ల చెవి పట్టుకుని నిలబడిపోయాను. అది అరిచేదాకా వదల్లేదు.

తొలకరి ముంగారు వానలకు ముందు మా దగ్గర ఇంటింటా విత్తనం కాయలు ఒలిచే పని. విత్తనానికి కాయను చేత్తోనే ఒలవాలి. గింజ పైన పొట్టు చిట్లితే మొలక రాదు. వీధిలోని ఆడవాళ్ళందరూ ఈ రోజు మా ఇంట్లో, రేపు వాళ్ళ ఇంట్లో, ఒకరికొకరు బదులు చేసుకునేవారు. మధ్యలో కాయల కుప్ప, చుట్టూ కాళ్ళు చాపుకుని ఆడవాళ్ళు, సందుల్లో పిల్లలం. వీళ్ళందరి మీద మా అవ్వ, నాయన తల్లి, పెత్తనం. పిల్లలు గింజలు నోట్లో వేసుకుంటారని ఆమెకు ఎప్పుడూ అనుమానం. అనుమానం కాదు, నిజమే. ఉన్నట్టుండి, "నాలిక చాపు మే" అనేది. చాపితే పొట్టు అతుక్కుని కనబడేది. నెత్తిన ఒక మొట్టు. అందుకని మేము గింజ మింగాక నాలుకను అమ్మల పైటచెంగుతో తుడుచుకునేవాళ్ళం. అవ్వ ఆ చెంగులు చూడడం మొదలుపెట్టింది.

అయ్యవారు వచ్చింది అట్లాంటి ఒక మధ్యాహ్నం. చేతిలో గొడుగు. ఆ ఎండలో ఆయన నీడ ఆయన కాళ్ళ కిందే ఉంది.

"పెద్దమ్మా, ఒక మాట. ఈ కాయలు మా గ్రంథాలయం వసారాలో కూర్చుని ఒలవకూడదా? నేను కథ చదివి వినిపిస్తాను."

ఆడవాళ్ళు నవ్వారు. అవ్వ నవ్వలేదు.

"కత ఇంటే చెయ్యి నిలబడతాది అయ్యోరా. చెయ్యి నిలబడితే విత్తనం నువ్విస్తావా?"

"చెయ్యి నిలబడితే నేనూ నిలబడతాను. కాయ చప్పుడు ఉన్నంతసేపే చదువుతాను. చప్పుడు ఆగితే పుస్తకం మూస్తాను."

అవ్వ ఆయన వైపు చూసింది. తర్వాత మా పెరటిలో తడకల సందుల్లోంచి పడుతున్న ఎండ వైపు చూసింది. "మీ వసారాలో గాలి తగుల్తాదా?" అని అడిగింది.

"బాగా."

"నీడ?"

"పొద్దు వాలేదాకా."

"సరే. నీడ ఊరికే వస్తాంటే ఎందుకు వదలాల" అంది.

అట్లా మరుసటి రోజు కాయల మూటలు వసారాకు చేరాయి. అయ్యవారు గడప మీద కూర్చుని, నశ్యం పీల్చి, రెండు తుమ్ములు తుమ్మి, పుస్తకం తెరిచారు. తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగే చెల్లెలి కథ అది. పటుక్కు పటుక్కుమని కాయలు పగులుతూంటే ఆయన గొంతు వాటి మధ్యన నడిచేది. దుఃఖం వచ్చిన చోట చేతులు మెత్తబడేవి, చప్పుడు సన్నగిల్లేది. అయ్యవారు వేలు పేజీలో పెట్టి పుస్తకం మూసేవారు. "ఒలవండి మే, నిలబడినారేంది" అని అవ్వ గద్దించేది. మళ్ళీ పటుక్కు పటుక్కు. కొట్లాట వచ్చిందంటే మాత్రం వడగళ్ళు పడినట్లు పగిలేవి కాయలు. ఒకరోజు అవ్వే అడిగింది. "ఆ ఏడుపులు రవ్వంత తగ్గించి కొట్లాటలు చదువు అయ్యోరా. పని సాగుతాది."

పిల్లలం ఒక ఉపాయం కనిపెట్టాం. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు కాయ తీసి ఒలిచే ఓపిక ఎవరికి? ఒలిచేసిన ఒట్టి డొల్లలను వేళ్ళ మధ్య నలిపేవాళ్ళం. చప్పుడు చప్పుడే. కథ ఆగేది కాదు. సాయంత్రానికి మా ముందు గింజలు గుప్పెడు, డొల్లలు పిండి. అవ్వ ఆ పిండిని చేతిలోకి తీసుకుని ఊదింది.

"ఇదేందిమే, ఒలిచిన కాయనే మళ్ళా ఒలిచినారు?"

ఆమె అంతకంటే అడగలేదు. మరుసటి రోజు మమ్మల్ని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

మధ్యాహ్నం వసారాలోనే రాగి సంగటి, శెనక్కాయల ఊరిబిండి, కొరుక్కోవడానికి ఎర్రగడ్డ. అయ్యవారికి కూడా ఒక ముద్ద పెట్టేవారు. పుస్తకానికి అంటుతుందని ఆయన ఎడమ చేత్తో పేజీ తిప్పేవారు. ఆడవాళ్ళ వేళ్ళకు ఆ పట్టింపు లేదు. బొమ్మ ఉన్న పేజీ వస్తే అందరూ ముందుకు వంగి, పొట్టు అంటిన వేళ్ళతో ఆ చెల్లెలి మొగం తాకి చూసేవారు.

కథలో ఏరు వచ్చింది. చెల్లెలు ఏటి ఒడ్డుకు చేరింది. ఏరు నిండుగా పారుతోంది, అవతలి ఒడ్డు కనబడడం లేదు, పడవ ఎక్కింది. చేతులన్నీ ఆగాయి.

"అవతలి గట్టు కనబడకుండా ఏరు ఉంటాదా యాడన్నా?" అంది మా పక్కింటి చిన్నమ్మ.

"ఉంటుందమ్మా. కోస్తాలో నేను చూశాను."

"అంత నీళ్ళు యాడివి?"

"పైన వానలు పడతాయి."

"మన పైన ఎవురుండారో మరి" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. మేము చూసిన ఏరంతా ఇసుక. బిందెతో చెలమ తోడుకునే ఇసుక. పడవ ఎట్లా ఉంటుందో అయ్యవారు కాయ డొల్ల ఒకటి తీసి అరచేతిలో పెట్టి చూపించారు. దాని మీద మనిషి కూర్చుంటుందంటే అవ్వ నమ్మలేదు.

గాలి లేచింది, పడవ నడి ఏట్లో ఊగుతోంది అనే చోట పొద్దు వాలింది. అయ్యవారు పుస్తకం మూశారు. మరుసటి రోజే ఆ సారు వచ్చేది. ఆయన్ను తీసుకురావడానికి తెల్లవారుతూనే బస్సు రోడ్డుకు నడిచిపోవాలి. "మధ్యాహ్నానికి వచ్చేస్తాం. మీరంతా వసారాలో ఉండండి, అదే పదివేలు" అని చెప్పి, తాళంచెవి అవ్వ చేతిలో పెట్టారు.

పొద్దున్నే ఆడవాళ్ళు గ్రంథాలయానికి చేరుకున్నారు. పెద్దమనిషి వస్తున్నాడంటే ఊరికే కూర్చుంటారా? పేడనీళ్ళతో వసారా అలికారు. ముగ్గు పెట్టారు. లోపల దులుపుదామని బీరువా తెరిస్తే, ఒక పుస్తకంలోంచి వెండిరంగు పురుగు జారి పరుగెత్తింది.

"పురుగు పట్టినాది" అంది అవ్వ. గింజలకు పురుగు పడితే ఏం చేస్తామో మాకందరికీ తెలుసు. అవ్వ చెప్పనవసరం లేకుండానే అందరూ చేతులు కలిపారు. గ్రంథాలయం వెనక పెద్ద పరుపుబండ ఉంది. ఊరి ధాన్యమంతా ఎండేది దాని మీదే. ఆ రోజు ఒక పక్కన మా ఇంటి విత్తనం, ఒలిచిన గింజలు, గోనెపట్టల మీద ఆరబోసి ఉన్నాయి. రెండో పక్క పుస్తకాలన్నీ తెరిచి పరిచారు. ఖాళీ బీరువాలో బూడిద చల్లి, వేపాకు పరిచారు. తిరిగి సర్దేటప్పటికి గింజ నిల్వ చేసినంత భద్రంగా ఉండాలని వాళ్ళ ఆశ. గాలికి పేజీలు వాటంతట అవే తిరుగుతూంటే మా అమ్మ పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోయింది. అన్ని అక్షరాలు ఒక్కసారిగా ఎండలో పడి ఉండడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నానికి గాలి నిలిచిపోయింది. తూర్పున మోడం కమ్ముకుంది. అట్లాంటి మోడాలు ఆ ఏడాది చాలా చూశాం, ఉరిమి పోయేవే. ఎవరూ పట్టించుకోలేదు. మొదటి చినుకు కాలిన బండ మీద పడి చుయ్యిమంది. తర్వాత ఇంకొకటి. మట్టి వాసన లేచింది.

వాన వస్తే మా ఊళ్ళో ఎవరూ లోపలికి పోరు, బయటికి వస్తారు. ఆ రోజు కూడా అదే జరిగింది. ఆడవాళ్ళందరూ మొగాలు పైకెత్తి, కళ్ళు మూసుకుని, చేతులు చాపుకుని నిలబడ్డారు. పిల్లలు అరుస్తూ గుండ్రంగా తిరుగుతున్నారు. పుస్తకాలు ఎవరికీ గుర్తు లేవు. వానకు దాచుకోవడం మాకు అలవాటు లేని పని.

ముందు కదిలింది అవ్వ. గింజల కింది గోనెపట్ట కొస పట్టుకుని లాగింది. గింజలు బండ మీద బొలబొలా పడ్డాయి.

"అత్తా, గింజలు" అంది అమ్మ.

"గింజ తడిస్తే మొలుస్తాది. పుస్తకం తడిస్తే మొలుస్తాదా? లాగు."

అమ్మ రెండో పట్ట లాగింది. తడిసిన గింజల మీదుగానే అందరూ పరుగెత్తారు. పొట్టు చేతులకు ఎర్రగా అంటింది. పట్టలు పుస్తకాల మీద కప్పారు. చాలలేదు. మిగిలినవి ఒడిలో వేసుకుని, పైట కప్పుకుని, వంగి నడుస్తూ ఎవరి ఇంటికి వాళ్ళు మోసుకుపోయారు. బీరువాలో ఏది ఎక్కడ ఉండేదో ఎవరికీ తెలియదు కాబట్టి, దగ్గరి ఇంటికే చేర్చారు. నాకు దొరికింది ఆ చెల్లెలి కథే. "అది జాగర్త మే. ఆ యమ్మి నడి ఏట్లో ఉండాది" అంది అవ్వ.

అయ్యవారు, ఆ సారు ఒకే గొడుగు కింద ఇద్దరూ తడిసి వచ్చారు. సారు లోపలికి చూశాడు. ఖాళీ బీరువా, బూడిద, వేపాకు. అయ్యవారు బండ వైపు చూసి, అలికిన వసారా మెట్టు మీద కూర్చుండిపోయారు.

"ఎవరు ఎండబెట్టమన్నారు పెద్దమ్మా?"

"పురుగు పడితే ఎండబెట్టరా?"

"పుస్తకాలనా?"

"పుస్తకం ఏమన్నా పురుగుకు చుట్టమా?"

సారు మాత్రం ఒకే మాట అడిగాడు. "పుస్తకాలెక్కడ?"

"ఇండ్లల్లో ఉండాయి సామీ. తడిసినావు, ముందు రా" అంది అవ్వ. అతన్ని మా ఇంటికి తీసుకొచ్చి, నాయన పొడి పంచె ఇప్పించి, పొయ్యి దగ్గర పీట వేసింది. బొరుగులు నానబెట్టి వేడివేడి ఉగ్గాణి చేసి పెట్టింది. ఎప్పుడూ చుక్క చుక్కగా వేసే నూనె ఆ రోజు గరిటెతో వేసింది. నేను గమనించాను.

పొయ్యికి అవతల అమ్మ కూర్చుని, నేను తెచ్చిన తడి పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో ఆకు వేడికి పట్టి తిప్పుతోంది. సారు తింటూ చూశాడు.

"చదువుతావా అమ్మా?"

"లేదు సామీ. ఆరబెడతాండా."

"అందులో ఏముందో తెలుసా?"

అమ్మ తల ఎత్తలేదు. ఆకు తిప్పుతూనే మొదలుపెట్టింది. అన్న ఎట్లా తప్పిపోయాడు, చెల్లెలు ఏ ఊళ్ళు తిరిగింది, ఎవరు అన్నం పెట్టారు, ఎవరు కుక్కను ఉసిగొల్పారు, అంతా చెప్పింది. నడి ఏటి దాకా వచ్చి ఆగింది. "ఆడికి ఆపినాడు అయ్యోరు" అంది. సారు విస్తరిలో చెయ్యి ఎప్పుడో ఆగిపోయింది. ఉగ్గాణి చల్లారింది. అతను తర్వాత వీధి వెంట ఒక్కో ఇంటికీ పోయి చూశాడు. ప్రతి ఇంట్లోనూ తిరగలి రాయి కిందో, రోటి కిందో పుస్తకాలు. ఆరడానికి, వంకర పోకుండా ఉండడానికి. బాగుందనీ అనలేదు, బాగా లేదనీ అనలేదు. సాయంత్రం బస్సుకు పోయాడు.

వాన తగ్గాక నాయన చేని నుంచి నవ్వుతూ వచ్చాడు. బండ మీద ఉబ్బిన గింజలు చూసి నవ్వు ఆపాడు.

"ఎవురి పనిది?"

"నా పనే. తెల్లారేలోపల గొర్రు కట్టు. తడిసింది మొలకెత్తకముందే భూమిలో పడాల" అంది అవ్వ.

"పదును చాలకపోతే? గింజంతా మాడిపోతాది గదమ్మా. ఇంట్లో ఇంక విత్తనం లేదు."

"లేదని నాకు తెలియదా? గింజలు మనవి నాయనా. పుస్తకాలు ఊరివి. ఊరిది తడిపి మనది దాచుకుంటే రేపు వసారాలో ఏం మొగం పెట్టుకుని కూచునేది?"

నాయన చీకటితోనే గొర్రు కట్టాడు. మొలక వచ్చింది, కానీ పలచగా. చేను మధ్యలో బోడి తలలాగా ఖాళీలు. ఆ ఏడాది మా ఇంట్లో కొర్రన్నం కూడా కొలిచి పెట్టారు. నాయన చేని గట్టున నిలబడి ఆ ఖాళీల వైపు చూసినప్పుడల్లా అవ్వ వేరే పని చూసుకునేది. ఒక్కసారి కూడా అయ్యో అనలేదు.

నేను మాత్రం రోజూ గ్రంథాలయం తలుపు చూసి వచ్చేదాన్ని. బండి వస్తుందని. పంట కాయ ఇంటికొచ్చే రోజుల్లో నిజంగానే బండి వచ్చింది. నేను దాని వెంట పరుగెత్తాను. బండి మీద ఇంకొక బీరువా ఉంది. దించి లోపల పెట్టి పోయారు.

మళ్ళీ వసారాలో కూర్చున్నది ఆ తర్వాతే. అన్ని నెలలూ ఆ చెల్లెలు నడి ఏట్లోనే ఉంది. అయ్యవారు పుస్తకం తెరిచారు. ఆ చోట రెండు ఆకులు అతుక్కుపోయాయి. కత్తి మొనతో మెల్లగా విడదీశారు. గింజల రంగు దిగి, అక్షరాలు ఒకదాని మీదొకటి పడి, ఒక్క ముక్క కూడా చదవడానికి లేదు. తర్వాతి పేజీ చూశారు.

"అవతలి ఒడ్డున ఉంది" అన్నారు.

"ఎట్ల దాటింది?"

"తెలియదు. ఆ పేజీ పోయింది."

పడవవాడే దాటించాడని ఒకరు, ఎద్దు తోక పట్టుకుందని ఒకరు, అన్నే వచ్చి ఎత్తుకుపోయాడని ఒకరు. కాయలు పక్కనబెట్టి వాదించుకున్నారు. చివరకు అవ్వ తేల్చింది.

"ఏరు ఇంకింటాది. ఎంత ఏరైనా ఇంకకుండా పోతాదా? పడవ దిగి నడుచుకుంటా పోయింటాది. చదువు ముందుకు."

ఎవరూ కాదనలేదు. మా ఊళ్ళో అది కాదనే మాట కాదు.

అయ్యవారికి ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంది. నాలుగు మాటలకొకసారి ఆగుతున్నారు. పుస్తకం మా వైపు చూపించి, "ఎవరైనా చదువుతారా కాసేపు?" అన్నారు. ఆడవాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. నేను నా చేతిలోని కాయ వైపు చూశాను. నా ముందు కుప్ప అట్లాగే ఉంది. ఒలవకపోతే అవ్వ ఊరుకోదు.

అవ్వ నా కుప్పను రెండు చేతులతో తన వైపు లాక్కుంది.

"పోయి చదువు. నీ కాయలు నేను ఒలుస్తా."

తడబడుతూ చదివాను. ఒత్తులు వచ్చిన చోట ఆగాను. నేను ఆగినప్పుడు కూడా కాయల చప్పుడు ఆగలేదు. నా కోసం అది నడుస్తూనే ఉంది. అందరికంటే గట్టిగా అవ్వ చేతి కింద. బడికి మళ్ళీ పోలేదు. కానీ నాకు పేర్లు ఇప్పటికీ గుర్తున్నాయి, మొగాలే కాదు.

అదీ ఆ మోపు కథ. ఇప్పుడు విత్తనం కాయలు ఒలిచే మిషన్లు వచ్చాయి. సంచుల్లో గింజలే వస్తాయి. వసారాకు ఇనుప కటకటాలు బిగించారు.

మాట ఇచ్చినట్లే మరుసటి రోజు పోయి ఆ పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్నాను. తడి పిండేసిన గుడ్డ పైన పరిచి, తిరగలి రాయి ఎత్తిపెట్టాను. ఆ రాయిని కూడా తూకానికి వేద్దామని కొడుకు చాలాసార్లు అన్నాడు, నేను వేయనీయలేదు. మెల్లగా కాగితాలు దిగాయి. అన్నీ కాదు. దిగినవి తీసుకుపోయి పాప బల్ల మీద పెడితే, అద్దం కింద పెట్టి చూసి, "వస్తాండాయి అవ్వా" అంది. చెల్లెలి కథ దగ్గర ఆగింది.

"ఈ పేజీలో ఒక్క అక్షరమూ పడలేదే. ఇక్కడ ఏం రాయమంటావు?"

నాకు నోటిదాకా వచ్చింది. మింగేశాను. "పుస్తకంలో లేనిది నువ్వు పెట్టద్దు. ఖాళీగా వదులు" అన్నాను. అది ఊరి పుస్తకం. మా అవ్వ మాట మా వసారాది.

నిన్న మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. మనవరాలు ఫోను నా పక్కన పెట్టి, ఆ కథ పెట్టింది. గొంతు ఆడమనిషిది, ఎక్కడా నశ్యం లేదు, తుమ్ము లేదు. ఏడుపు దగ్గరా కొట్లాట దగ్గరా ఒకటే పోక. నా చెయ్యి ఆగినా అది ఆగదు.

"నిలబెట్టు మే. చెయ్యి నిలబడినప్పుడు అదీ నిలబడాల" అన్నాను.

"వేలు పెడితే నిలుస్తాదవ్వా, ఇట్ల" అని చూపించింది. నేర్చుకున్నాను. ఆపి, గింజ తీసి, మళ్ళీ తాకి, అట్లా ఏటి దాకా వచ్చాం. పడవ ఎక్కింది. గాలి లేచింది. పడవ నడి ఏట్లో ఊగుతోంది. అక్కడ గొంతు ఆగిపోయింది. నేను వేలు పెట్టలేదు. తెర మీద ఖాళీ పేజీ, లేత ఎరుపు.

మనవరాలు తన పుస్తకంలోంచి తల ఎత్తింది. "ఏమైందవ్వా, ఆగిపోయింది?"

"ఏరు ఇంకింది. దిగి నడుచుకుంటా పోయింది" అన్నాను. "నువ్వు పేజీ తిప్పు."

తిప్పింది. ఆ గొంతు మళ్ళీ అందుకుంది. చెల్లెలు అవతలి ఒడ్డున నిలబడి ఉంది. నేను ఇంకొక చింతపండు ముక్క చేతిలోకి తీసుకున్నాను.